ఏసురత్నం చింతగింజల తీర్పు

పాన్‌గల్ చుట్టుపక్కల పాపాలకు ఎన్నడూ లోటు లేదు. వానలకు కరువు వచ్చేది, జొన్నలకు కరువు వచ్చేది, పాపాలు మాత్రం ఏటా పండేవి. అయినా ఏసురత్నానికి అవి చాలేవి కావు. ఎవరి కంటికీ ఆనని పాపాన్ని కూడా మూలల్లో వెతికి చెవి పట్టుకుని బయటికి లాక్కొచ్చేవాడు.

వారమంతా అతను పటేలు బావి దగ్గర మోట కొట్టేవాడు. ఎడ్లు ముందుకు నడిస్తే తోలు సంచిలో నీళ్లు పైకి వస్తాయి, వెనక్కి నడిస్తే సంచి మళ్లీ బావిలోకి దిగుతుంది. పొద్దస్తమానం అలా ముందుకూ వెనక్కూ తిరుగుతూ ఎడ్లకు కీర్తనలు వినిపించేవాడు. ఆదివారం మాత్రం అతను సంఘ పెద్ద. ఆ రోజు ఎడ్ల మెడలో గంటలు విప్పి దాచేవాడు. ప్రభువు దినాన ప్రార్థన గుడిలో మోగే గంట ఒకటి చాలదా, కొట్టంలో ఇంకొకటి ఎందుకని అతని వాదన. పటేలు నవ్వి ఊరుకున్నాడు. ఎడ్లను ఎవరూ అడగలేదు.

ఇంట్లో భార్య లలితమ్మ జొన్నలు విసురుతూ ఏదో పాత పాట పాడుకునేది. అది లోకపు పాట అని మాన్పించి ఒక కీర్తన నేర్పాడు. ఆమె బుద్ధిగా నేర్చుకుని ఆ కీర్తనను పాత పాట వరసలోనే పాడింది. ఏసురత్నం గడపలో కూర్చుని విన్నాడు. వినగా వినగా తన కాలి బొటనవేలు దానంతటదే ఆడుతున్నట్టు కనిపెట్టి, దాన్నీ మాన్పించాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో జొన్న గట్క పలుకులు పలుకులుగా ఉండేది. పాట లేకపోతే తిరగలి తిరగదని లలితమ్మ చెప్పింది, తిన్నవాళ్లకూ అది నిజమే అనిపించింది.

ఈ తీర్పులకు అతని దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎక్కడైనా పాపం కనబడితే ఒక చింతగింజ తీసి కండువా కొంగున ముడి వేసుకునేవాడు. ఆదివారం ఆరాధనకు ముందు ముడి విప్పి గింజలన్నీ ఆరాధన నడిపే అయ్యగారి ముందు పోసి, ఏ గింజ ఎవరిదో వివరంగా చెప్పేవాడు. అయ్యగారు మెత్తని మనిషి. గలగలమని గింజల చప్పుడు వినబడగానే ఆయన ముఖం వాడిపోయేది.

ఇలాంటి అన్నకు బాలన్నలాంటి తమ్ముణ్ణి దేవుడు ఎందుకు ఇచ్చాడో మనకు తెలియదు. లోకంలో అన్నకు కనబడేదంతా పాపమైతే తమ్ముడికి వినబడేదంతా దరువు. చెంబు దొరికితే చెంబు వాయించేవాడు, ఎండిన సొరకాయ దొరికితే సొరకాయ వాయించేవాడు. ఒక ఏడు పీర్ల పండుగకు ఊళ్లో డప్పు కొట్టేవాడికి జ్వరం వస్తే బాలన్న ఆ డప్పు తగిలించుకుని తెల్లారేదాకా వాయించాడు. ఆ ఆదివారం ఏసురత్నం కండువాలో గింజలు ముడికి పట్టలేదు. వాటి బరువుకు అయ్యగారు కూడా తలవంచక తప్పలేదు. బాలన్నను సంఘంలోంచి తీసేశారు. ఇంట్లోకి కూడా రావద్దని అన్న చెప్పాడు. బాలన్న కొత్తగా కొనుక్కున్న డప్పు భుజాన వేసుకుని కృష్ణ దాటి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ప్రభువు పేర రొట్టె పంచే బల్ల ఆరాధన వచ్చినప్పుడు అయ్యగారు రొట్టె పళ్లెం పట్టుకుని తల్లి జములమ్మ ముందుకు వచ్చారు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"చిన్నోడు వచ్చినంక తీస్కుంట అయ్యగారూ. వాడు లేంది నాకు మింగుడు పడదు," అంది.

అప్పటినుంచి ఎన్ని బల్లలు జరిగినా ఆ పళ్లెం జములమ్మను దాటిపోయేది. ఆమె కళ్లకు పొర కమ్మింది, నడుం వంగింది, చేయి మాత్రం చాపలేదు. అమ్మ ఇలాగే వెళ్లిపోతే ఎలాగని ఏసురత్నానికి దిగులుగా ఉండేది. మోట దగ్గర కీర్తన మధ్యలో ఆగిపోయి ఎడ్ల వంక చూస్తూ నిలబడేవాడు. అయినా తీర్పు తీర్పే గదా అని మళ్లీ ఎడ్లను తోలేవాడు.

నిజాం రోజులవి. తెర మీది బొమ్మలకు ఇంకా మా వైపు నోరు రాలేదు. ఒక ఎండాకాలం డేరాలో సినిమా ఆడించే కంపెనీ ఒకటి గద్వాల, అయిజ, అమరచింత తిరిగి పాన్‌గల్ సంత మైదానంలో దిగింది. బయస్కోపు వచ్చిందని చాటుతూ బండి ముందు డప్పు కొట్టుకుంటూ వచ్చినవాడు బాలన్న. సాయంత్రం ఇంటికి వచ్చి అరుగు దగ్గర ఆగాడు. జములమ్మ తడుముకుంటూ వచ్చి అతని ముఖమంతా చేత్తో నిమిరింది.

"చిక్కిపోయినవ్ బిడ్డా."

"లే అవ్వా. గడ్డం పెరిగింది."

"అరుగు దాటకు," అన్నాడు ఏసురత్నం లోపలినుంచి.

"దాటలే అన్నా. ఈడనే ఉన్న. జర ఒక్క మాట విను. మేము ఆడించేది మన ప్రభువు చెప్పిన కతనే. తప్పిపోయిన కొడుకు కత. దొరల సీమల తీసిన్రు. నేను తెర పక్కన కూసోని డప్పు కొడుత, గంతే."

ఏసురత్నం తలుపు దగ్గరికి వేశాడు. జములమ్మ మాత్రం కర్ర పట్టుకుని నేరుగా అయ్యగారి ఇంటికి వెళ్లింది. ప్రభువు కత చూడటం పాపమైతే వినడం కూడా పాపమేనా, అయితే ఇన్నేళ్లు మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి ఎందుకు వినిపించారని అడిగింది. అయ్యగారు ఏసురత్నాన్ని పిలిపించారు.

"నువ్వు పోయి చూసి రా, ఏసురత్నం. బొమ్మ శుద్ధంగ ఉన్నదంటే సంఘమంతా పోయి చూడొచ్చు. బాలన్న అందుల చేసే పని కూడ శుద్ధంగ ఉన్నదంటే ఈ ఆదివారం వాన్ని బల్ల దగ్గరికి నేనే పిలుస్త. లేదంటే లేదు. మళ్ల నన్ను అడగొద్దు."

ఏసురత్నం ఆ రోజు పస్తున్నాడు. తలస్నానం చేసి, కండువా ఒక కొంగు బొమ్మ పాపాలకు, రెండో కొంగు తమ్ముడి పాపాలకు అని మనసులో అనుకుని, నడుముకు చింతగింజల సంచి కట్టుకుని బయలుదేరాడు. డేరాలో అందరికంటే ముందు, తెరకు దగ్గరగా కూర్చున్నాడు. పాపం ఎంత చిన్నదైనా తప్పించుకోకూడదు మరి.

బొమ్మకు నోరు లేదు కాబట్టి కథ చెప్పడానికి వెంకటన్న అనే ఆయన తెర పక్కన వెదురు కర్రతో నిలబడేవాడు. పూర్వం భాగోతాలు ఆడినవాడు. ఆయన చేతిలో పడి ఆ సీమ తండ్రి వనపర్తి వైపు పెద్ద రైతు అయిపోయాడు, చిన్న కొడుకు హైదరాబాదు చూడాలని తండ్రిని సతాయించే పోరగాడయ్యాడు. ఆస్తి పంచి పొత్తు విడిపించమని కొడుకు తండ్రి మీద చేయెత్తగానే ఏసురత్నం మొదటి కొంగున గింజ వేశాడు. వెళ్లేటప్పుడు అన్నకు దండం పెట్టలేదని ఇంకొకటి వేశాడు.

కొడుకు గుర్రమెక్కి కనబడకుండా పోయాడు. తండ్రి మోకాళ్ల మీద పడి చేతులు జోడించాడు.

ఎవరైనా ప్రార్థన మొదలుపెడితే ఏసురత్నం తలవంచి కళ్లు మూసుకుంటాడు. ఎవరు చేస్తున్నారు, ఎక్కడ చేస్తున్నారు అని చూడడు. 'ఆమెన్' వినబడేదాకా తెరవడు. చిన్నప్పటినుంచి ఆ సంఘంలో అందరికీ అదే అలవాటు. ప్రార్థన మధ్యలో తేలు కుట్టినా ఆమెన్ తర్వాతే అరిచే మనుషులు వాళ్లు. ఇప్పుడూ అంతే, ఏసురత్నం కళ్లు మూసుకున్నాడు. బొమ్మలో తండ్రికి మాత్రం నోరు లేదు. ఆమెన్ ఎక్కడినుంచి వస్తుంది? అక్కడ ప్రార్థన అయిపోయి బొమ్మ హైదరాబాదు చేరిపోయినా ఏసురత్నం ఇక్కడ కళ్లు మూసుకునే ఉన్నాడు.

వెంకటన్న కూడా సరిగ్గా అప్పుడే మాట ఆపి బీడీ ముట్టించాడు. అక్కడ మాటలతో పని లేదు. బాలన్న డప్పు మాత్రం గంతులు వేసింది. మూసిన కళ్ల వెనక ఏసురత్నానికి ఒళ్లు మండిపోయింది. ముసలి తండ్రి కన్నీళ్లతో ప్రార్థిస్తుంటే వీడు ఇలాంటి దరువు కొడతాడా అని తడుముకుంటూ రెండో కొంగున గింజలు వేశాడు. దరువు ముదిరేకొద్దీ గుప్పెళ్లతో వేశాడు. జనం కేకలు వేస్తుంటే అవి పశ్చాత్తాపపు కేకలనుకున్నాడు. చివరికి 'ఇగ పందుల కాడికి పోదాం' అని వెంకటన్న గొంతు వినబడింది. తనే ఒక ఆమెన్ చెప్పుకుని కళ్లు తెరిచేసరికి కొడుకు బక్కచిక్కి పందుల మధ్య కూర్చుని ఉన్నాడు.

ఏసురత్నానికి బొమ్మ తీసినవాళ్ల మీద గౌరవం పుట్టింది. వాళ్లు పాపం సంగతి చెప్పారు కానీ పాపాన్ని చూపించలేదు. తర్వాత కొడుకు తిరిగి రావడం, తండ్రి పరుగెత్తుకుంటూ వెళ్లి కౌగిలించుకోవడం చూసి ఏడ్చాడు కూడా. తండ్రి మళ్లీ మోకాళ్ల మీద పడ్డాడు. ఏసురత్నం మళ్లీ కళ్లు మూసుకున్నాడు. డప్పు మళ్లీ ఎగిరింది. అతను కళ్లు తెరిచేసరికి డేరా ఖాళీ అయి, ఎవరో చాపలు దులుపుతున్నారు.

పొద్దున అయ్యగారి ముందు తీర్పు చెప్పాడు.

"బొమ్మ శుద్ధంగ ఉన్నది అయ్యగారూ. ప్రార్థనలు ఎక్కువ. మన ఆరాధనల కూడ గంతసేపు ప్రార్థన లేదు. అందరు చూడొచ్చు."

"మరి బాలన్న?"

ఏసురత్నం రెండో కొంగు విప్పాడు. గింజలు అయ్యగారి కాళ్ల దాకా దొర్లాయి.

"ప్రార్థన చేసేటప్పుడే ఎగిరే దరువు కొడుతుండు. సరిగ్గ ఆ వక్తుకే. వాడు మారలే."

అయ్యగారి అరుగు మీద కూర్చున్న జములమ్మ కొడుకు వైపు ముఖం తిప్పింది.

"ఇయ్యాల నన్ను తీస్కపో. నా బిడ్డ ఏం పాపం కొట్టిండో నేను గూడ వింట. నాకు కనబడది గద, నువ్వు పక్కన కూసోని చెప్పు," అంది.

ఆ సాయంత్రం సంఘం సంఘమంతా డేరాకు వచ్చింది. గుడిలోలాగే మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చున్నారు. తల్లికి చెప్పాలి కాబట్టి ఏసురత్నం ఒక్కడే ఆడవాళ్ల వరుస చివర ఒదిగి కూర్చున్నాడు. కొడుకు అలిగాడు, గుర్రమెక్కాడు, వెళ్లాడు. అంతా వరసగా తల్లి చెవిలో చెప్పాడు. తండ్రి మోకాళ్ల మీద పడ్డాడు. పైరు మీద గాలి వీచినట్టు సంఘమంతా ఒక్కసారి తలలు వంచి కళ్లు మూసుకుంది. వెనక కూర్చున్న గొర్రెల కాపరి కురుమయ్యకు ఇది వింతగా తోచింది.

"ఏందిర వీళ్లు," అన్నాడు పక్కవాడితో. "పైసలు పెట్టి వచ్చి, అసలు ఆట మొదలైతుంటే పండుకుంటుండ్రు."

కాసేపు ఆగిన డప్పు కొత్త దరువు అందుకుంది. జములమ్మ కొడుకు మోచేయి పట్టుకుంది.

"ఏమైతుంది కొడుకా?"

"తండ్రి ప్రార్థన చేస్తుండు. కండ్లు మూసుకో అవ్వా."

"నావి ఎప్పుడో మూసుకున్నయి. నువ్వు తెరిచి చూడు. ఇది ప్రార్థన దరువు కాదు."

"ఆమెన్ కానియ్."

"ఆ సీమాయన ఆమెన్ ఎప్పుడంటడో ఏమో. నన్ను తీస్కొచ్చింది చెప్పనీకె గద. చెప్పు."

ఏసురత్నం ఇరుకున పడ్డాడు. తల్లి మాట వినాలన్నది ఆజ్ఞ. ప్రార్థనలో కళ్లు మూసుకోవడం అలవాటు. రెండూ పెద్దవే. బాగా ఆలోచించి ఆజ్ఞకు ఒక కన్ను తెరిచాడు, అలవాటుకు ఒకటి మూసే ఉంచాడు.

తెర మీద తండ్రి లేడు, మోకాళ్లు లేవు. పెద్ద మహలు, సారా కూజాలు, వాటి మధ్య కాళ్లకు గజ్జెలు కట్టుకుని ఒక స్త్రీ. రెండో కన్ను కూడా దానంతటదే తెరుచుకుంది.

"ఏం కనబడుతుంది?"

"ఒకామె."

"ఏం చేస్తుంది?"

అబద్ధం ఆడకూడదు. నిజం చెప్పడానికి నోరు రావడం లేదు.

"నడుస్తుంది."

"ఎటు పోతుంది?"

"ఎటూ పోతలేదు. ఆడాడనే నడుస్తుంది."

"ఆడాడనే నడిస్తే దాన్ని ఆట అంటరు కొడుకా," అంది జములమ్మ. "బాలడు ఏం జేస్తుండు?"

ఏసురత్నం తమ్ముడి వైపు చూశాడు. బాలన్న తెర మీంచి కళ్లు తీయకుండా, ఆమె పాదం నేలకు తగిలినప్పుడల్లా డప్పు మీద దెబ్బ వేస్తున్నాడు. ఒక్క దెబ్బ ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

"ఆమె అడుగుకు కొడుతుండు."

"ప్రార్థనకు?"

"ప్రార్థనకు కొట్టలే అవ్వా. అప్పుడు డప్పు సప్పుడే వినరాలే."

"మరి వాని పాపమేంది?"

నిన్న తను గుప్పెళ్లతో వేసిన గింజలు గుర్తుకొచ్చి చెవులు వేడెక్కాయి. తను చూడనిది శుద్ధమన్నాడు. చూడకుండా విన్నది పాపమన్నాడు. చుట్టూ సంఘమంతా తన మాట నమ్మి, తలలు వంచుకుని, రాని ఆమెన్ కోసం ఎదురుచూస్తోంది.

పందుల దగ్గర అందరూ కళ్లు తెరిచారు. కొడుకు తిరిగి వచ్చాక తండ్రి మళ్లీ మోకరించగానే అందరూ మళ్లీ మూసుకున్నారు. ఈసారి ఏసురత్నం మూసుకోలేదు. తెర మీద తండ్రి ఇంట్లో దీపాలు వెలిగాయి. విందు మొదలైంది, ఆట మొదలైంది. బాలన్న డప్పు కూడా నవ్వుతున్నట్టు మోగింది. గుమ్మం బయట మాత్రం పొలం నుంచి వచ్చిన ఒక మనిషి బురద కాళ్లతో నిలబడి ఉన్నాడు.

"బయట ఎవరన్న ఉన్నరా?" అని అడిగింది జములమ్మ. ఆమెకు కథ తెలుసు.

"ఉన్నడు."

"ఎవరు?"

"పెద్దోడు."

"ఎందుకు లోపటికి పోతలేడు?"

ఏసురత్నం ఈ కథ మీద ఎన్నోసార్లు ప్రసంగించాడు. ప్రతిసారీ కొవ్విన దూడను కోసిన దగ్గర ఆపేవాడు. అప్పటికి అందరికీ ఆకలయ్యేది. ఆ తర్వాత అన్న సంగతి కూడా ఉందని తెలుసు కానీ దానితో తనకేం పని అనుకున్నాడు. ఇప్పుడు ఆ అన్న ఎదురుగా నిలబడి తన ముఖంలోకే చూస్తున్నాడు.

"లోపట డప్పు సప్పుడు వినొచ్చింది అవ్వా. దానికి కోపం."

"ఇల్లు ఎవరిది?"

"తండ్రిది."

"డప్పు కొట్టమన్నది ఎవరు?"

"తండ్రే," అన్నాడు ఏసురత్నం.

"పోయిండా లోపటికి?"

తెర తెల్లగా అయిపోయింది. ఎవరో గ్యాసు దీపం వెలిగించారు.

"తెల్వదు. ఆడికే అయిపోయింది."

"అయితే నువ్వన్న పో," అంది జములమ్మ.

ఏసురత్నం లేచాడు. వంచిన తలల మధ్యనుంచి దారి చేసుకుంటూ తెర దగ్గరికి నడిచాడు. అన్న రావడం చూసి బాలన్న డప్పు కర్రలు వీపు వెనక దాచాడు. ఏసురత్నం డప్పు అందుకుని, దాని పట్టీ తన మెడకే తగిలించుకున్నాడు.

"ఇంటికి పోదాం పా తమ్మీ. దీన్ని నేను మోస్త."

బాలన్న దాచిన కర్రలు ముందుకు తీశాడు. అప్పటికి ఏసురత్నానికి సంఘం గుర్తుకొచ్చింది. వెనక్కి తిరిగి గట్టిగా "ఆమెన్" అన్నాడు. అందరూ కళ్లు తెరిచారు. ఎదురుగా తెల్లని తెర, దాని ముందు మెడలో డప్పుతో సంఘ పెద్ద. బొమ్మ ఇంకా అయిపోలేదేమో అనుకుంది లలితమ్మ.

ఆదివారం ఏసురత్నం అయ్యగారి ముందు కండువా విప్పి, మొన్న ఏరుకున్నవాటితో సహా రెండు కొంగుల గింజలూ ఒకే చోట పోశాడు.

"కలిసిపోయినయి అయ్యగారూ. ఏది ఎవరిదో నాకు తెల్వదు. బొమ్మల ఆట ఉన్నది, సారా ఉన్నది. నేను కండ్లు మూసుకోని శుద్ధమన్న. సంఘాన్ని నేనే తోల్కపోయిన. తప్పు నాదే."

"సంఘమంతా కండ్లు మూసుకునే ఉన్నది గద," అన్నారు అయ్యగారు. "ఏం కాలే. కొందరికి మాత్రం ఆట పోయిందని నీ మీద కోపమున్నది."

బల్ల సిద్ధమైంది. తల్లికి కళ్లు కనబడవని ఏసురత్నం ఆడవాళ్ల వరుస చివర ఆమె పక్కనే కూర్చున్నాడు. బాలన్న కొత్త అంగీ వేసుకుని, ఎక్కడ కూర్చోవాలో తెలియక అన్న పక్కన కూర్చున్నాడు. అయ్యగారు పళ్లెం పట్టుకుని జములమ్మ ముందుకు వచ్చారు. ఆమె చేయి చాపబోయి ఆగింది.

"చిన్నోడు తీస్కున్నడా?"

"తీస్కున్నడమ్మా."

"పెద్దోడు?"

అయ్యగారు అటు చూశారు. ప్రార్థన అయిపోయి చాలాసేపైనా ఏసురత్నం ఇంకా తలవంచుకుని కళ్లు గట్టిగా మూసుకునే ఉన్నాడు. చెంపలు తడిసి ఉన్నాయి. తనను ఎవరూ పిలవరేమో అన్నట్టు ఉంది అతని వాలకం. జములమ్మ చేయి చాచి, తడుముకుని, పెద్ద కొడుకు భుజం పట్టి కుదిపింది.

"ఆమెన్ అన్నరు కొడుకా. కండ్లు తెరిచి తీస్కో. నువ్వు తీస్కుంటెనే నేను తీస్కుంట."